వైరస్ ఎంజైముకు నేర్పిన కొత్త పని, పత్రికలు దానిని చెప్పవలసిన తీరు

గుంటూరు

సంపాదకులకు నమస్కారములు.

గత ఆదివారం మీ పత్రిక లోపలి పుటలో ‘క్యాన్సర్‌కు వైరస్ విరుగుడు’ అనే శీర్షికతో వచ్చిన వార్తను నేను రెండుసార్లు చదివాను. వైరస్‌కు చెందిన ఒక ఎంజైమును, అంటే కణంలో రసాయన పనులు చేసిపెట్టే ప్రొటీనును, ప్రయోగశాలలో మార్చి, దాని జన్యువును క్యాన్సర్ కణాల్లోకి పంపి, ఆ తరువాత ఒక మందు ఇస్తే ఆ కణాలు తమంతట తామే చనిపోతాయన్నది ఆ వార్త సారాంశం. వార్తలో అబద్ధం లేదు. అయితే ఆ ఎంజైము ఏది, దానిని ఎందుకు మార్చవలసి వచ్చింది, మార్చినందువల్ల ఏమి ఒరిగింది, అది రోగుల దాకా చేరిందా లేదా అన్న ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో జవాబు దొరకదు. చివరి వాక్యం మాత్రం ‘త్వరలోనే అందుబాటులోకి’ అని ముగిసింది. ఆ రెండు మాటలూ చదివి, ఈపాటికి ఏ ఇంట్లోనో ఆ ముక్కను కత్తిరించి దాచుకొని ఉంటారన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ భయానికి కారణం మా ఇంట్లోనే ఉంది. ఆరేళ్ల కిందట మా బావగారికి, అంటే మా పెద్దక్క భర్తకు, మెదడులో గడ్డ బయటపడింది. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ అని తేల్చారు. ఆయన తెనాలి దగ్గర పల్లెలో మూడెకరాల మాగాణి చేసుకొనే రైతు. ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది, టెమోజోలమైడ్ మాత్రలు వాడారు. ఏడాది తిరగకుండానే గడ్డ మళ్లీ వచ్చింది. అప్పుడు గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చొని ఉండగా, పక్కనున్న రోగి బంధువు ఎవరో ఒక పేపరు కటింగు చూపించి, పొరుగు రాష్ట్రంలోని ఒక కేంద్రం చిరునామా చెప్పారట. అక్కడివారు ‘జన్యు ఇంజెక్షన్’ అని చెప్పి నాలుగు లక్షలు కట్టించుకున్నారు. ఆ డబ్బు కోసం కాలువ పక్కనున్న ఎకరం అమ్మారు. ఇచ్చిన రసీదు మీద ‘స్పెషల్ ఇంజెక్షన్’ అన్న మాట తప్ప మందు పేరు గానీ, దానిని తయారు చేసినవారి పేరు గానీ లేవు. మూడు నెలలకు ఆయన పోయారు.

నేను ముప్పయ్యేళ్లపాటు డిగ్రీ కళాశాలలో జీవరసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి. ఇంత జరుగుతున్నా మా అక్క నన్ను ఒక్క మాట అడగలేదు. తరువాత ఎందుకడగలేదని నేను అంటే, ‘పేపర్లోనే రాశారు కదరా, ఇంక నిన్నడిగేదేముంది’ అన్నది. పెద్దకర్మ అయ్యాక ఆయన చొక్కా జేబులోనుంచి ఆ కటింగు తీసి నా చేతిలో పెట్టింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం. మడతల వెంట సిరా చెరిగిపోయింది. ‘విజయవంతం’ అన్న మాట కింద బావగారు పెన్నుతో గీత గీసుకున్నారు. ఆ ప్రయోగం ఎలుకల మీద జరిగిందన్న సంగతి కింది నుంచి రెండో పేరాలో ఉంది. సరిగ్గా అక్కడే మడత పడి, ఆ పంక్తిలో సగం అక్షరాలు కనబడటం లేదు. ఆ ఇంజెక్షన్ ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఆ కటింగులో ఉన్న శాస్త్రం మాత్రం నాకు తెలుసు. అది నిజమైన శాస్త్రమే, పైగా ఎంతో గొప్పది. దానిని ఆసాంతం చెప్పి ఉంటే మా బావగారికి ఆ ఎకరమైనా మిగిలేదని నా బాధ. అందువల్ల మీ వార్తలో లేని భాగాన్ని నాకు చేతనైనంత తేలికగా ఇక్కడ చెబుతాను. దయచేసి కొంచెం చోటిచ్చి అచ్చువేయండి.

ఈ కథ సర్పితో మొదలవుతుంది. నా చిన్నతనంలో మా అమ్మకు నడుము చుట్టూ సర్పి లేస్తే జాజు పూయించి, వేపాకు పరిచిన మంచం మీద పడుకోబెట్టారు. అదే సర్పి పదేళ్ల కిందట నాకు వచ్చినప్పుడు డాక్టరుగారు అసైక్లోవిర్ మాత్రలు రాశారు. బ్రాడీపేటలో ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు. సర్పి, ఆటలమ్మ, జ్వరం వచ్చి తగ్గేటప్పుడు పెదవుల మీద లేచే పొక్కులు, ఇవన్నీ హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్‌ల పనే. ఈ అసైక్లోవిర్‌లో ఒక విశేషముంది. మింగిన మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది కానీ మంచి కణాలను దాదాపు ముట్టుకోదు. వైరస్ చేరిన కణంలోనే అది విషంగా మారుతుంది. 1970లలో అమెరికాలో గెర్‌ట్రూడ్ ఎలియన్ బృందం ఈ మందు ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పింది. ఆమెకు, ఆమె సహచరుడు జార్జి హిచింగ్స్‌కు, బ్రిటన్‌కు చెందిన జేమ్స్ బ్లాక్‌కు కలిపి 1988లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

మంచి కణాన్ని వదిలి వైరస్ ఉన్న కణాన్నే ఆ మందు ఎలా పట్టుకుంటుంది? డీఎన్‌ఏ తయారు కావడానికి కావలసిన ముడిసరుకుల్లో థైమిడిన్ ఒకటి. దానికి ఒక ఫాస్ఫేటు ముక్క తగిలిస్తే తప్ప కణం దానిని వాడుకోలేదు. తగిలించే ఎంజైము పేరు థైమిడిన్ కైనేజ్. మన కణాల్లోనూ అది ఉంది, హెర్పిస్ వైరస్ కూడా సొంతంగా ఒకటి తెచ్చుకుంటుంది. మన ఎంజైముకు పట్టింపు ఎక్కువ. తన సరుకును తప్ప మరొకదాన్ని దగ్గరకు రానివ్వదు. వైరస్ ఎంజైముకు ఆ పట్టింపు లేదు. థైమిడిన్‌తో పాటు, దానికి దూరపు పోలిక ఉన్న అసైక్లోవిర్‌కూ, దాని తరువాత వచ్చిన గాన్సిక్లోవిర్‌కూ కూడా ఫాస్ఫేటు తగిలించేస్తుంది. ఆ మొదటి ఫాస్ఫేటు పడ్డ తరువాత మన కణంలోని ఇతర ఎంజైములు రెండోదీ మూడోదీ కలుపుతాయి. అలా సిద్ధమైన నకిలీ సరుకు డీఎన్‌ఏ గొలుసులోకి దూరి, గొలుసు ముందుకు సాగకుండా అడ్డుపడుతుంది. విభజన చెందబోయే కణం అక్కడితో ఆగి చనిపోతుంది.

ఆ ఫాస్ఫేటు ముక్కను ఎంజైము ఎక్కడినుంచి తెస్తుందో చెప్పడానికి ఒక్క నిమిషం పక్కకు వెళతాను. అది ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల నుంచి వేరుచేసి ప్రకటించినవారు 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. ఇంతకుముందు చెప్పిన హిచింగ్స్ చదువుకున్నది కూడా హార్వర్డ్‌లో సుబ్బారావుగారు పనిచేసిన జీవరసాయన విభాగంలోనే. క్యాన్సర్ మందుల చరిత్రలో మన జిల్లాల పిల్లలకు చెప్పుకోదగిన పేరు ఇంత దగ్గరగా ఉంటే, ప్రతి వార్తనూ ‘విదేశీ శాస్త్రవేత్తల అద్భుతం’ అని మొదలుపెట్టనక్కరలేదు.

ఇక అసలు సంగతి. 1986లో ఫ్రెడరిక్ మూల్టెన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక ఆలోచన చేశాడు. వైరస్ ఎంజైము ఉన్న కణమే ఈ మందుకు చస్తుంది గనక, ఆ ఎంజైము తయారీ సూచనలున్న ఒక్క జన్యువును తీసి క్యాన్సర్ కణంలో పెడితే ఏమవుతుంది? వైరస్ జబ్బు రాదు, ఎందుకంటే పెట్టేది వైరస్ మొత్తాన్ని కాదు, దాని జన్యువుల్లో ఒక్కదాన్ని. కానీ ఆ తరువాత గాన్సిక్లోవిర్ ఇస్తే, ఆ క్యాన్సర్ కణం తన చావును తానే తయారు చేసుకుంటుంది. అందుకే దీనికి ఆత్మహత్యా జన్యువు అని పేరు వచ్చింది. మందు విభజన చెందే కణాలనే చంపుతుంది, మెదడులోని నాడీకణాలు సాధారణంగా విభజన చెందవు. కాబట్టి మొట్టమొదటి ఆశలన్నీ మెదడు గడ్డల మీదనే పెట్టుకున్నారు. 1992లో ఎలుకల మెదడు గడ్డలపై వచ్చిన ఫలితాలు ఎంతో బాగున్నాయి. గడ్డలోని ప్రతి కణానికీ జన్యువు చేరనక్కరలేదని కూడా అప్పటి ప్రయోగాలు చూపించాయి. కణానికీ కణానికీ మధ్య సన్నని ప్రొటీను సొరంగాలు ఉంటాయి. ఫాస్ఫేటు తగిలిన మందు ఆ దారిలో పక్క కణంలోకి పాకి, జన్యువు చేరని కణాన్ని కూడా చంపుతుంది.

తరువాత మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాయి. గ్లయోబ్లాస్టోమా ఉన్న 248 మందితో జరిపిన మూడో దశ పరీక్ష (ఎక్కువమంది రోగుల మీద, మామూలు చికిత్సతో పోల్చి చేసేది) ఫలితం 2000లో వెలువడింది. ఆపరేషన్, రేడియేషన్ చేయించుకున్న వారి కంటే, వాటికి తోడు ఈ జన్యు చికిత్స కూడా పొందినవారు ఎక్కువ కాలం బతకలేదు. మా బావగారికి వచ్చిన జబ్బు మీద, ఆయన జబ్బు పడటానికి ఎన్నో ఏళ్ల ముందే, ఇంత పెద్ద పరీక్ష జరిగి ఆ తొలి రూపంలో ఈ పద్ధతి పనిచేయలేదని తేలింది. ఆయన జేబులోని కటింగులో ఈ మాట ఒక్క పంక్తిలోనైనా లేదు.

ఎలుకలో గెలిచినది మనిషిలో ఎందుకు ఓడిపోయిందో వెదికితే రెండు లోపాలు కనబడ్డాయి. జన్యువు గడ్డలోని చాలా తక్కువ కణాలకే చేరుతోంది, ఇది ఒకటి. రెండోది ఎంజైముకే సంబంధించినది, మీ వార్త మొత్తం దాని చుట్టూనే తిరగవలసింది. ఆ ఎంజైము వైరస్ అవసరం కోసం రూపుదిద్దుకున్నది; దానికి ఇష్టమైన సరుకు థైమిడిన్. గాన్సిక్లోవిర్ కంటే థైమిడిన్‌ను అది దాదాపు వంద రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. కణంలో థైమిడిన్ ఎప్పుడూ ఉండనే ఉంటుంది గనక, మందు వచ్చి గుమ్మంలో నిలబడినా ఎంజైముకు దాని వంక చూసే తీరిక ఉండదు. పోనీ మందు మోతాదు పెంచుదామా అంటే, గాన్సిక్లోవిర్ ఎముకల్లోని మూలుగను దెబ్బతీస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి. క్యాన్సర్ రోగికి ఇది చిన్న ప్రమాదం కాదు. మందు పెంచడానికి వీలు లేనప్పుడు, తక్కువ మందుతోనే పనిచేసేటట్లు ఎంజైమును మార్చడం ఒక్కటే దారి.

ఆ పని అమెరికాలో సియాటిల్‌లోని లారెన్స్ లోబ్ ప్రయోగశాలలో మొదలై, తరువాత మార్గరెట్ బ్లాక్ అనే శాస్త్రవేత్త చేతుల్లో ముందుకు సాగింది. వారు ఎంచుకున్న పద్ధతిని నేను తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు బల్ల మీదకు వంగి వినేవారు. ఆ ఎంజైము 376 అమైనో ఆమ్లాల గొలుసు; ప్రొటీను అనే గోడకు అవి ఇటుకల వంటివి. మందు వచ్చి కూర్చునే చోటికి దగ్గరగా ఉన్న కొద్ది స్థానాలను ఎంచుకొని, అక్కడ ఏ అమైనో ఆమ్లం ఉండాలన్నది తాము నిర్ణయించకుండా, రకరకాల మార్పులతో లక్షల సంఖ్యలో జన్యువులను తయారు చేశారు. వాటిని సొంత థైమిడిన్ కైనేజ్ లేని ఈ.కోలై బాక్టీరియాలోకి ఎక్కించారు. ముందుగా, ఎంజైము పనిచేస్తేనే బతకగలిగే మేత ఉన్న పళ్లెంలో ఆ బాక్టీరియాను పెంచారు. మార్పుల వల్ల ఎంజైము చెడిపోయిన బాక్టీరియా అక్కడే ఆగిపోయింది. మిగిలిన చుక్కలను, ఏ చుక్క ఎక్కడుందో ఆ వరుస తప్పకుండా, రెండు పళ్లాలకు అద్దారు. ఒక పళ్లెంలో గాన్సిక్లోవిర్ ఉంది, రెండోదాన్లో లేదు.

మరునాడు చూస్తే మందు లేని పళ్లెంలో చుక్కలన్నీ ఉన్నాయి, మందు ఉన్న పళ్లెంలో కొన్ని మాయమయ్యాయి. వారికి కావలసినవి ఆ మాయమైనవే. మందును ఇష్టంగా అందుకొని విషం చేసుకున్నందువల్లే ఆ బాక్టీరియా చచ్చింది. అంటే అందులోని ఎంజైము మందు వైపు తిరిగిందన్నమాట. చచ్చినదాని తోబుట్టువు మొదటి పళ్లెంలో అదే చోట బతికే ఉంది. దానిని ఎత్తుకొని, అందులోని జన్యువులో ఏయే అక్షరాలు మారాయో చదివారు. ఈ తొలి ఫలితాలు 1996లో వచ్చాయి. అందులో నేర్చుకున్నదాన్ని ఆధారం చేసుకొని మళ్లీ మరో విడత మార్పులు చేసి, 2001లో ఎస్ఆర్39 అనే రూపాన్ని ప్రకటించారు. 376లో మారినవి ఐదే స్థానాలు. 159, 160, 161, 168, 169. ఆ ఐదింటితో ఎంజైముకు థైమిడిన్ మీద మోజు తగ్గి, గాన్సిక్లోవిర్ మీద పట్టు పెరిగింది. ఎలుకల్లో పాత ఎంజైము ఉన్న గడ్డను ఏమాత్రం ఆపలేనంత తక్కువ మోతాదు మందుతోనే కొత్త ఎంజైము ఉన్న గడ్డ పెరుగుదల తగ్గింది.

మొదటి ఫాస్ఫేటు తగిలించే వేగం పెరిగేసరికి, రెండోది తగిలించే చోట సరుకు పేరుకుపోవడం మొదలైంది. ఆ రెండో పని చేసేది గ్వానైలేట్ కైనేజ్ అనే మరో ఎంజైము. అప్పుడు బ్లాక్ బృందం ఎలుక గ్వానైలేట్ కైనేజ్‌నూ, మార్చిన వైరస్ ఎంజైమునూ ఒకే గొలుసుగా కలిపి కుట్టింది. ఒకచోట పని పూర్తికాగానే పక్కనే రెండో పని జరిగిపోయేటట్లు చేసిన ఏర్పాటు అది. గుంటూరు మిల్లుల్లో పత్తి ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చేతులు మారకుండా వెళ్లడం చూసినవారికి ఆ ఉపాయం వెంటనే బోధపడుతుంది. ఎస్ఆర్39కు మరో ఉపయోగం కూడా దొరికింది. అంబాలాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సంజీవ్ గంభీర్ బృందం, ఈ ఎంజైము పట్టుకొనే అణువుకు రేడియోధార్మిక గుర్తు తగిలించి, జన్యువు ఒంట్లో ఏ చోటికి చేరిందో పెట్ స్కాన్‌లో కనబడేటట్లు చేసింది. పంపిన జన్యువు గమ్యం చేరిందో లేదో తెలియకుండా చేసే జన్యు చికిత్స గుడ్డిగా బాణం వేయడంతో సమానం గనక, నా దృష్టిలో దీని విలువ చంపే పని కంటే తక్కువది కాదు.

ఇంత చెప్పిన తరువాత కూడా ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. ఎంజైము ఎంత మెరుగుపడినా, జన్యువును గడ్డలోకి చేర్చే బండి మెరుగుపడకపోతే ప్రయోజనం సగమే. ఆ బండి సాధారణంగా కోరలు తీసిన వైరసే. దాని విషయంలో ప్రపంచం భారీ మూల్యమే చెల్లించింది. 1999 సెప్టెంబరులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక పరీక్షలో, కాలేయానికి సంబంధించిన వారసత్వ లోపం ఉన్న జెస్సీ గెల్సింగర్ అనే పద్దెనిమిదేళ్ల యువకుడు, ఎడినోవైరస్‌తో జన్యువును ఎక్కించిన నాలుగు రోజులకే మరణించాడు. ఫ్రాన్స్‌లో, రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పిల్లలకు చేసిన జన్యు చికిత్స జబ్బును నయం చేసినా, వారిలో కొందరికి లుకీమియా అనే రక్త క్యాన్సర్ తెచ్చిపెట్టిందని 2002లో బయటపడింది. బండిగా వాడిన రెట్రోవైరస్ తన సరుకును డీఎన్‌ఏలో దించకూడని చోట దించడమే అందుకు కారణం. ఈ థైమిడిన్ కైనేజ్ జన్యువునే, మూలుగ మార్పిడిలో దాత నుంచి తీసుకున్న తెల్లకణాల్లో పెట్టి, ఆ కణాలు రోగి ఒంటి మీదకే ఎదురు తిరిగితే మందు ఇచ్చి చంపేందుకు వీలుగా తయారు చేసిన జాల్‌మాక్సిస్ అనే చికిత్సకు ఐరోపాలో 2016లో షరతులతో అనుమతి వచ్చింది, 2019లో దానిని ఉపసంహరించుకున్నారు.

ఇవన్నీ చెప్పడం పాఠకుడి ఆశను తుంచడానికని మీరు అనుకోవద్దు. 2024 డిసెంబరులో ఒక మంచి వార్త కూడా వచ్చింది. వేరే చోట్లకు పాకని ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 745 మందితో అమెరికాలో జరిగిన మూడో దశ పరీక్షలో, రేడియేషన్‌కు తోడుగా ఎడినోవైరస్ బండిలో ఈ హెర్పిస్ ఎంజైము జన్యువును గ్రంథిలోకి ఎక్కించి, వాలసైక్లోవిర్ మాత్రలు ఇచ్చినవారిలో జబ్బు తిరగబెట్టడం తగ్గిందని ప్రకటించారు. వాలసైక్లోవిర్ అంటే ఒంట్లోకి వెళ్లాక అసైక్లోవిర్‌గా మారేదే, మన మందుల షాపుల్లో సర్పికి ఇచ్చేదే. మూల్టెన్ ఆలోచన నుంచి ఈ ఫలితానికి 38 ఏళ్లు పట్టింది. ఆ 38 ఏళ్లను ‘త్వరలోనే’ అన్న ఒక్క మాటలో చుట్టేయడం, ఆ పని చేసినవారికీ, పరీక్షలకు తమ ఒంటిని అప్పగించిన రోగులకూ కూడా అన్యాయమే.

మన దేశం సంగతి కూడా ఇలాగే నిలిపి చెప్పవలసి ఉంది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకు 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. రోగి తెల్లకణాలను బయటకు తీసి, వైరస్ బండితో వాటిలో కొత్త జన్యువును చేర్చి, తిరిగి ఒంట్లోకి ఎక్కించే పద్ధతి ఇది. కొన్ని రకాల రక్త క్యాన్సర్లకే, అదీ మామూలు మందులకు లొంగనప్పుడే దీనిని వాడతారు. మెదడు గడ్డకో, రొమ్ము గడ్డకో, నోటి పుండుకో ఇది పనికిరాదు. ‘మన దేశంలో జన్యు చికిత్స వచ్చేసింది’ అని ఒక్క ముక్కలో రాస్తే, కొత్తపేట వరండాలో కూర్చున్న మనిషికి ఏ క్యాన్సర్‌కు అన్నది తెలియదు. ఆ సందులోనుంచే మా బావగారిని పట్టుకున్నవంటి కేంద్రాలు లోపలికి వస్తాయి.

అందుకే పాఠకులకు తెలియవలసిన సంగతులు కొన్ని ఇక్కడే రాస్తున్నాను. జన్యు చికిత్సల తయారీకీ, పరీక్షలకూ భారత వైద్య పరిశోధన మండలి 2019లో జాతీయ మార్గదర్శకాలు ప్రకటించింది. అదే ఏడాది కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు కూడా అమల్లోకి వచ్చాయి. మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్‌నూ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. దానిని ఇంటర్నెట్‌లో ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు. ఇంకా పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యమూ, పరిహారమూ ఇవ్వాలి. కాబట్టి ‘కొత్త జన్యు ఇంజెక్షన్’ అని ఎవరైనా చెప్పినప్పుడు, అనుమతి పొందిన మందైతే దాని పేరూ అనుమతి వివరాలూ, పరీక్షలో ఉన్నదైతే సీటీఆర్ఐ నంబరూ అడగాలి. రెండూ లేకుండా డబ్బు అడిగితే అక్కడినుంచి లేచి వచ్చేయాలి. ఈ నాలుగు వాక్యాలు ఆరేళ్ల కిందటి కటింగులో ఉండి ఉంటే, మా అక్క వాటిని చదివి ఉండేది. ఆమె పేపరు పొల్లు పోకుండా చదువుతుంది.

సంపాదకులకు నా విన్నపం పెద్దది కాదు. ఇటువంటి వార్త వేసేటప్పుడు, ప్రయోగం పళ్లెంలోని కణాల మీద జరిగిందా, ఎలుకల మీద జరిగిందా, మనుషుల మీద జరిగితే ఎంతమంది మీద, ఏ దశలో జరిగిందన్నది మొదటి పేరాలోనే, వీలైతే శీర్షికలోనే ఉండేటట్లు చూడండి. ఏ క్యాన్సర్ గురించిన వార్త అయితే ఆ క్యాన్సర్ పేరు విడిచిపెట్టకండి. ఇంతకుముందు అదే పద్ధతి ఓడిపోయి ఉంటే ఆ ఓటమిని కూడా రాయండి. పాఠకుడు నిరుత్సాహపడతాడని దాచనక్కరలేదు, ఓటమి తెలిసినవాడికే ఎస్ఆర్39 ఎందుకు గొప్పదో అర్థమవుతుంది. వైద్యులతో సరిచూసుకోవడానికి మీకు దూరాభారం కూడా లేదు. గుంటూరు వైద్య కళాశాల 1946 నుంచి ఇక్కడే ఉంది, సర్వజన ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. ఏజెన్సీ నుంచి వచ్చిన ఇంగ్లీషు వార్తను రాత్రి పదింటికి హడావుడిగా తెలుగు చేసే ఉపసంపాదకుడి కష్టం నాకు తెలియనిది కాదు. నా దగ్గర చదువుకున్న ఇద్దరు ఆ పనిలోనే ఉన్నారు. అయినా ఒక్క ఫోన్‌కాల్‌తో తేలే విషయాన్ని ఆ రాత్రే అచ్చువేయవలసిన తొందర ఇటువంటి వార్తలకు ఉండదు, మరునాటికి వాయిదా వేసినా నష్టం లేదు.

మీ కార్యాలయం నుంచి ఎవరైనా పిలిస్తే, ఏ మధ్యాహ్నమైనా వచ్చి అటువంటి వార్తల ప్రతులు చూసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. దానికి పారితోషికం అక్కరలేదు. వచ్చేటప్పుడు మా బావగారి జేబులోని ఆ కటింగు కూడా తెస్తాను. మడతలో చెరిగిపోయిన ఆ పంక్తిని మీ ఉపసంపాదకులు ఒకసారి చూడాలని నా కోరిక.

ఇట్లు,
జీవరసాయన శాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు.